ఎడిన్‌బరా నుంచి ఒక్క రోజులో ఫైఫ్ పొలాలు, జాలరి ఊళ్ళు: కోచ్ టూర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లాండ్ చూడ్డానికి వచ్చే మనవాళ్ళలో చాలామంది ఎడిన్‌బరా కోట చూసి, మర్నాడు హైలాండ్స్ అనే కొండ ప్రాంతానికి బస్సెక్కి లాక్ నెస్ సరస్సు దాకా పోయొచ్చి, ఇక అయిపోయిందనుకుంటారు. ఎడిన్‌బరాలో సముద్రం ఒడ్డున నిలబడి ఉత్తరంగా చూస్తే నీళ్ళకి అవతల సన్నగా నేల కనిపిస్తుందే, అదే ఫైఫ్. దాని తూర్పు కొసని ఈస్ట్ న్యూక్ అంటారు. ఆ తీరం మీద ఈలీ, సెయింట్ మోనాన్స్, పిట్టెన్‌వీమ్, ఆన్‌స్ట్రదర్, క్రెయిల్ అని ఐదు చిన్న ఊళ్ళు వరసగా ఉంటాయి. ఒక్క రోజు కోచ్ టూర్‌కి ఈ చుట్టుపక్కల ఇంతకన్నా మంచి చోటు లేదని నా గట్టి అభిప్రాయం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్దామనుకునేవాళ్ళు, ఇక్కడ చదువుకుంటున్న పిల్లలు ఎక్కువగా అడిగేవాటికి జవాబులు కింద రాశాను.

హైలాండ్స్ టూర్‌కి వెళ్ళాలా, దీనికి వెళ్ళాలా?

మీ చేతిలో రెండు రోజులుంటే రెండూ వెళ్ళండి. ఒక్కటే రోజుండి, పక్కన అరవై దాటిన పెద్దవాళ్ళుంటే మాత్రం నేను ఇదే చెప్తాను. లాక్ నెస్ ఒక్క రోజు టూర్ అంటే సుమారు పన్నెండు గంటలు, అందులో సగానికి పైగా సీట్లోనే. కొండలు బ్రహ్మాండంగా ఉంటాయి, కాదనను, కానీ ఎక్కువ భాగం అద్దంలోంచే చూస్తారు. ఫైఫ్ అలా కాదు, ఎడిన్‌బరా నుంచి విద్యార్థుల ఊరు సెయింట్ ఆండ్రూస్‌కి దాదాపు 80 కిలోమీటర్లు, తీరం మీది ఆ ఐదు ఊళ్ళల్లో ఊరికీ ఊరికీ మధ్య పది నిమిషాలు, మహా అయితే పదిహేను. దిగడం, నడవడం, కూర్చోవడం, మళ్ళీ ఎక్కడం, ఇలా రోజంతా గడుస్తుంది కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్ళకి కూడా తేలిక.

టూర్‌లు చాలా ఉన్నాయి, అన్నిట్లోనూ ఇవే ఊళ్ళ పేర్లు. ఏది బుక్ చేసుకోవాలి?

పేర్లు చూసి కాదు, ఒక్కో ఊళ్ళో ఎంతసేపు ఆపుతారో చూసి బుక్ చేసుకోండి. ఈ పేజీలో నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. ఎక్కువ ఊళ్ళు చూపిస్తే ఎక్కువ లాభం అనిపిస్తుంది కానీ, ఏడు చోట్ల పదిహేనేసి నిమిషాలు ఆపే టూర్‌లో మీకు మిగిలేది పార్కింగ్ స్థలాల జ్ఞాపకమే. రేవు దాకా నడిచి వెళ్ళేసరికే వెనక్కి రమ్మంటారు. రెండు మూడు చోట్ల కనీసం గంటేసి, సెయింట్ ఆండ్రూస్‌లో రెండు గంటలకి కాస్త అటూ ఇటూ ఇచ్చే టూర్ ఉత్తమం. వెబ్‌సైట్‌లో 'ఫొటో స్టాప్' అని రాస్తే దిగి, ఫొటో తీసుకుని ఎక్కేయడమని, 'దారిలో కనిపిస్తుంది' అంటే బండి ఆపరని అర్థం చేసుకోండి. అనుమానం ఉంటే ఫోన్ చేసి క్రెయిల్‌లో ఎంతసేపు, ఆన్‌స్ట్రదర్‌లో ఎంతసేపు అని అడిగేయండి, మొహమాటం అక్కర్లేదు.

ఇంకో సంగతి, పెద్ద కోచ్ కన్నా చిన్న బస్సు ఈ దారికి బాగా నప్పుతుంది. ఈ ఊళ్ళల్లో రేవుకి దిగే వీధులు వాలుగా, ఇరుగ్గా ఉంటాయి, యాభై సీట్ల బండి కిందకి పోలేదు, ఊరి పైభాగంలోనే వదిలేస్తుంది. ఆ వాలు దిగడం సులువే, ఎక్కడమే పెద్దవాళ్ళకి ఆయాసం.

ఏ వైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది?

బండి ఏ దిశలో తిరుగుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు తీరం వెంట ఈలీ నుంచి క్రెయిల్ వైపు వెళ్ళి, ఆ తర్వాత సెయింట్ ఆండ్రూస్ చేరే టూర్ అయితే సముద్రం మీ కుడి పక్కన ఉంటుంది. ముందు సెయింట్ ఆండ్రూస్ చూసి, తీరం వెంట వెనక్కి వచ్చేదైతే ఎడమ పక్కన. ఎటు తిరిగినా, పొద్దున ఎడిన్‌బరా నుంచి బయల్దేరేటప్పుడు మాత్రం కుడివైపు కూర్చున్నవాళ్ళు అదృష్టవంతులు, ఎందుకంటే క్వీన్స్‌ఫెర్రీ క్రాసింగ్ మీద వెళ్తుంటే మిగతా రెండు వంతెనలూ అటే కనిపిస్తాయి.

ఆ వంతెనల గొడవేంటి, మూడెందుకు?

మూడు శతాబ్దాలకి మూడు వంతెనలు. ఎర్రగా, లావుపాటి ఉక్కు దూలాలతో నీళ్ళ మీద నిలబడ్డది రైలు వంతెన, 1890లో మొదలైంది, ఇప్పటికీ రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మధ్యలో ఉన్న వేలాడే వంతెన 1964 నాటిది. మూడోది మీరు ప్రయాణించే క్వీన్స్‌ఫెర్రీ క్రాసింగ్, 2017లో తెరిచారు. కొన్ని టూర్‌లు ఒడ్డున సౌత్ క్వీన్స్‌ఫెర్రీలో పది నిమిషాలు ఆపుతాయి. ఆపితే తప్పకుండా దిగండి, బస్సులోంచి తీసిన ఫొటోలో తీగలే పడతాయి.

మధ్యలో పొలాలు తప్ప ఏమీ లేవంటారు, నిజమేనా?

పొలాలే ఉన్నాయి, అవే బాగుంటాయి! బార్లీ, బంగాళదుంప, మే నెలలో అయితే కంటికి ఆనినంత మేర పసుపుపచ్చగా పూసిన ఆవ జాతి నూనెగింజల పంట. ఈ దేశపు రాజు ఆరో జేమ్స్, ఫైఫ్ అంటే బంగారు అంచు ఉన్న బిచ్చగాడి దుప్పటి అన్నాడని చెప్పుకుంటారు, అంటే తీరంలో రేవులు సంపాదిస్తుంటే లోపలి నేల బీదగా ఉండేదని. ఇప్పుడు ఆ దుప్పటికేం లోటు లేదు, మంచి పంటలు పండే భూమి.

లోపలి వైపు టూర్‌లు ఎక్కువగా ఆపేది ఫాక్‌లాండ్‌లో. లోమండ్ కొండల కింద, రాళ్ళు పరిచిన వీధులతో ఉన్న చిన్న ఊరు. స్కాట్లాండ్‌ని ఏలిన స్టువర్ట్ రాజులు వేటకి వచ్చి విడిది చేసిన ప్యాలెస్ నడి వీధిలోనే ఉంది, దాని తోటలో 1539లో కట్టిన టెన్నిస్ కోర్టు ఇంకా ఉంది. మనం టీవీలో చూసే టెన్నిస్ కాదు, గోడలకి కొట్టి ఆడే పాతకాలపు ఆట. అరగంటే ఇస్తే ప్యాలెస్ టికెట్ కొనకండి, ఊళ్ళో నడవండి చాలు.

ఐదు ఊళ్ళలో ఏది బాగుంటుంది?

ఫొటోల్లో గెలిచేది క్రెయిల్. వంకర తిరిగిన రాతి గోడ మధ్య గుప్పెడంత రేవు, దాని చుట్టూ ఎర్ర పెంకుల ఇళ్ళు. ఆ పెంకులు మొదట్లో హాలండ్ వైపు నుంచి వచ్చాయి, ఇక్కడి సరుకు అక్కడ దింపి తిరిగొచ్చే ఓడలు ఖాళీగా ఊగిపోకుండా బరువు కోసం పెంకులు నింపుకుని వచ్చేవి, అవే ఇళ్ళ కప్పులయ్యాయి. ఇళ్ళ పక్క గోడలు పైకి మెట్లు మెట్లుగా ఉంటాయి, ఒకసారి గమనించారంటే తీరమంతా అవే కనిపిస్తాయి. రేవు గట్టు మీద పీతలు, లాబ్‌స్టర్లు పట్టే వల బుట్టలు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. దగ్గరికి వెళ్ళి చూడండి, ఒక్కో బుట్టకీ పక్కన గరాటులాంటి దారి ఉంటుంది, ఎర వాసనకి లోపలికి దూరిన పీత ఆ ఇరుకు దారిలోంచి మళ్ళీ బయటికి రాలేదు. తాళ్ళకి అక్కడక్కడా ఎండిన నాచు అంటుకుని ఉంటుంది, వాసన గట్టిగానే వస్తుంది.

నాకు మాత్రం పిట్టెన్‌వీమ్ ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది ఇంకా పనిచేస్తున్న రేవు. పొద్దున్నే బోట్లు సరుకు దింపుతాయి, చేపల మార్కెట్ షెడ్డు ఉంది, రొయ్యలూ పీతలూ లాబ్‌స్టర్లూ లారీలెక్కుతాయి. మీరు వెళ్ళేసరికి పని అయిపోయి గట్టు కడుగుతూ ఉండవచ్చు, అయినా అది టూరిస్టుల కోసం పెట్టిన బొమ్మ కాదని తెలిసిపోతుంది. చాలా టూర్‌లు ఇక్కడ ఆపవు, అదే నా బాధ. ఆపే టూర్ దొరికితే వదులుకోకండి.

సెయింట్ మోనాన్స్‌లో చర్చి దాదాపు అలల మీదే ఉంటుంది, ఊరి బయట ఉప్పు మడుల కోసం కట్టిన పాత గాలిమర ఉంది. ఈలీ ఇసుక తీరం కావాలనుకునేవాళ్ళకి. ఈలీకి ముందు లోవర్ లార్గో వస్తుంది, అలెగ్జాండర్ సెల్కర్క్ అనే నావికుడి సొంతూరు అది. పసిఫిక్‌లో ఒక దీవి మీద 1704 నుంచి 1709 దాకా ఒంటరిగా బతికి బయటపడ్డవాడు, అతని విగ్రహం ఒక ఇంటి గోడలోనే నిలబడి ఉంటుంది.

ఆన్‌స్ట్రదర్‌లో మ్యూజియం చూడాలా, చేపలు తినాలా?

గంట ఇస్తే ఏదో ఒకటి, గంటన్నర ఇస్తే రెండూ. అందరూ ఫిష్ అండ్ చిప్స్ క్యూలో నిలబడతారు, అందులో తప్పేం లేదు, ఇక్కడ హాడక్ చేప తాజాగా దొరుకుతుంది. కానీ రేవు ఎదురుగానే స్కాటిష్ ఫిషరీస్ మ్యూజియం ఉంది, 1969 నుంచి నడుస్తోంది, దాన్ని దాటేసి వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే మనసు ఒప్పదు.

అక్కడ నన్ను కదిలించేది హెర్రింగ్ ఆడపిల్లల కథ. హెర్రింగ్ చేపల మంద తీరం వెంట కిందకి కదిలే కొద్దీ, పడవల వెనకే ఈ అమ్మాయిలూ ఒడ్డు మీద ఊరూరా కదిలేవాళ్ళు, ఎండాకాలం షెట్లాండ్ దీవుల్లో మొదలుపెట్టి, చలి మొదలయ్యేసరికి ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మత్ దాకా. ముగ్గురు ఒక జట్టు, ఇద్దరు చేప పొట్ట చీల్చి శుభ్రం చేస్తే ఒకరు పీపాల్లో ఉప్పు చల్లుతూ వరసలు పేరుస్తారు. కత్తికి తెగకుండా వేళ్ళకి గుడ్డ పీలికలు చుట్టుకునేవాళ్ళు, అయినా తెగేవి, ఆ గాట్ల మీదే ఉప్పు. పని లేని కాసేపట్లో, నడుస్తూ కూడా, స్వెటర్లు అల్లేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దం సగానికి హెర్రింగ్ ఇక్కడ బాగా తగ్గిపోయింది, దాంతో ఆ వలస బతుకూ ఆగిపోయింది. మన తీరంలో చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఆ గదిలో ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. సముద్రంలో పోయిన మత్స్యకారుల కోసం అక్కడే ఒక స్మారక గది కూడా ఉంది, అక్కడ ఫోన్ జేబులో పెట్టేయండి.

మేం వెళ్ళినప్పుడు రేవులో నీళ్ళే లేవు, పడవలు బురదలో ఉన్నాయి. ఎప్పుడూ అంతేనా?

కాదు, మీరు ఆటు సమయంలో వెళ్ళారు. ఇక్కడ సముద్రం పెద్ద పోటు రోజుల్లో దాదాపు ఐదు మీటర్లు పెరిగి తగ్గుతుంది, ఆటులో క్రెయిల్, ఆన్‌స్ట్రదర్ రేవులు ఎండిపోయి పడవలు పక్కకి ఒరిగి కూర్చుంటాయి. రోజుకి రెండు పోట్లు, ప్రతి రోజూ ముందు రోజు కన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. తేదీ మీ చేతిలో ఉంటే నెట్‌లో ఆన్‌స్ట్రదర్ ఆటుపోట్ల సమయాలు చూసి, మధ్యాహ్నం ప్రాంతంలో పోటు ఉన్న రోజు ఎంచుకోండి. ఇది చాలా టూర్ కంపెనీలు చెప్పవు, రేవు అందంలో సగం దీని మీదే ఉంటుంది. ఆటులో వెళ్ళినా నష్టం లేదనుకోండి, పడవ అడుగు భాగం, గోడ మీద నాచు గీత, రాళ్ళ మడుగుల్లో చిన్న పీతలు, పిల్లలకి అదే పండగ. రాళ్ళు మాత్రం భలే జారతాయి.

చేపల వేట నుంచి వచ్చినవాళ్ళని ఫొటో తీయొచ్చా, మాట్లాడొచ్చా?

మాట్లాడండి, చక్కగా మాట్లాడతారు, కాకపోతే పనిలో ఉన్నప్పుడు కాదు. క్రేన్ తిరుగుతున్నప్పుడు, బుట్టలు ఎక్కిస్తున్నప్పుడు దూరంగా ఉండాలి, తాడు చుట్టల మధ్య అడుగు పెట్టకూడదు. మనిషి మొహం ఫొటోలో పడేలా ఉంటే ఒక్కసారి అడగండి. కొందరు పిల్లల్ని బుట్టల గుట్ట మీద కూర్చోబెట్టి ఫొటోలు తీస్తుంటారు, దయచేసి వద్దు, అవి వాళ్ళ జీవనాధారం, పైగా గుట్ట కూలితే పిల్లాడు నీళ్ళల్లో ఉంటాడు.

శాకాహారులం. తినడానికి ఏమైనా దొరుకుతుందా?

సెయింట్ ఆండ్రూస్ విద్యార్థుల ఊరు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. చిన్న ఊళ్ళల్లో చీజ్ శాండ్‌విచ్, సూప్, స్కోన్ అనే బన్ను లాంటిది, అంతే. ముఖ్యమైన మాట, చిప్స్ (వేయించిన బంగాళదుంప ముక్కలు) కదా అని ధీమాగా కొనేయకండి. చాలా చిప్ షాపుల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు, నూనెలో వేసినా అదే మూకుడులో చేప కూడా వేగి ఉండవచ్చు. ఏ నూనె, విడిగా వేయిస్తారా అని అడిగితే ఏమీ అనుకోరు. అమ్మకి పట్టింపు ఉంటే ఇంటి నుంచి పులిహోరో దద్దోజనమో డబ్బాలో తెచ్చుకోండి, బస్సులో కాదు, రేవు గట్టు మీద బెంచీలో కూర్చుని తినండి. సీగల్స్‌తో మాత్రం జాగ్రత్త, చేతిలోంచి ఎత్తుకుపోతాయి, గోడకి వీపు ఆనించి తింటే కొంత నయం.

ఏ నెలలో వెళ్ళాలి?

మే నుంచి సెప్టెంబర్. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురే, డిసెంబర్‌లో అయితే మూడు ముప్పావుకల్లా పొద్దు గూకుతుంది, అప్పుడు టూర్ చివరి భాగం చీకట్లోనే. అయితే ఎండాకాలంలో కూడా ఈ తూర్పు తీరానికి ఒక తంటా ఉంది, దాన్ని హార్ అంటారు. వెచ్చటి గాలి చల్లటి నార్త్ సీ మీదుగా వచ్చి పొగమంచులా ఒడ్డుకి కమ్ముకుంటుంది. లోపల ఫాక్‌లాండ్ వైపు ఎండ కాస్తుంటే క్రెయిల్‌లో పక్కనున్న పడవ కనిపించదు. టెన్షన్ పడకండి, ఒక్కోసారి గంటలో విడిపోతుంది. జూలై అయినా సరే గాలి ఆపే జాకెట్ ఒకటి ఉండాలి, గొడుగు ఇక్కడి గాలికి నిలవదు.

పఫిన్ పక్షులు కనిపిస్తాయా?

కోచ్ టూర్‌లో కనిపించవు. అవి ఎదురుగా సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మే దీవిలో ఏప్రిల్ నుంచి జూలై చివరిదాకా ఉంటాయి. ఆన్‌స్ట్రదర్ నుంచి పడవలు వెళ్తాయి కానీ వెళ్ళి రావడానికే సగం రోజు పడుతుంది, ఆలోగా మీ బస్సు వెళ్ళిపోతుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి. సీల్‌లు మాత్రం రాళ్ళ మీద కనిపించే అవకాశం ఉంది.

సెయింట్ ఆండ్రూస్‌లో రెండు గంటలు ఎలా వాడుకోవాలి?

షాపుల్లోకి వెళ్ళకండి, అంతే. కేథడ్రల్ శిథిలాలతో మొదలుపెట్టండి. 1318లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్ సమక్షంలో ప్రతిష్ఠ జరిగిన కట్టడం, ఒకప్పుడు స్కాట్లాండ్‌లోకెల్లా పెద్ద చర్చి, ఇప్పుడు రెండు కొసల్లో గోడలు, మధ్యలో గడ్డీ సమాధులూ. అక్కడి నుంచి రేవు గోడ దగ్గరికి, తర్వాత సముద్రం పక్కనుంచే కోట మీదుగా గోల్ఫ్ మైదానం వైపు నడిస్తే, ఇవన్నీ ఒకే దారిలో వస్తాయి. ఓల్డ్ కోర్స్ అనే ఆ గోల్ఫ్ మైదానం మీద మామూలుగా ఆదివారాలు ఆట ఉండదు, ఊరి జనం కుక్కల్ని తీసుకుని తిరుగుతుంటారు, మీరూ తిరగొచ్చు. విశ్వవిద్యాలయం 1413 నాటిది, స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా పాతది, భవనాలు ఊరంతా కలిసిపోయి ఉంటాయి.

పెద్దవాళ్ళకి, పిల్లలకి ఇబ్బంది ఉంటుందా?

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రేవు వాలు దగ్గరే జాగ్రత్తపడాలి, మిగతాదంతా చదునే. రాళ్ళు పరిచిన దారులు కాబట్టి చెప్పులు వద్దు, బూట్లు వేయించండి. చిన్న బస్సుల్లో టాయిలెట్ ఉండదు, ఆగిన ప్రతిచోటా ముందు ఆ పని చూసుకోండి, చిల్లర పౌండ్లు కొన్ని జేబులో ఉంచుకోండి. తీరం రోడ్డు వంకర్లు ఎక్కువ, కడుపులో తిప్పే అలవాటు ఉంటే ముందు సీట్లు అడగండి, మాత్ర వేసుకునేదైతే బయల్దేరకముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. బెల్టు ఉన్న కోచ్‌లో 14 ఏళ్ళు, ఆపైన వాళ్ళు పెట్టుకోవాల్సిందేనని చట్టం, చిన్నపిల్లలకి మీరే పెట్టండి. పసిపిల్లల్ని కొన్ని కంపెనీలు ఎక్కించుకోవు, డబ్బు కట్టకముందే అడగండి.

టూర్ లేకుండా మామూలు బస్సుల్లో తిరగలేమా?

తిరగొచ్చు. ఈ ఊళ్ళని కలుపుతూ బస్సులు ఉన్నాయి. రైలు మాత్రం సెయింట్ ఆండ్రూస్‌కి లేదు, దగ్గరి స్టేషన్ లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. స్కాట్లాండ్‌లో ఉంటూ ఇంకా 22 నిండని విద్యార్థులకి, కార్డు తీసుకుంటే, బస్సు ప్రయాణం ఉచితం, కాబట్టి మీరు ఆ వయసులో ఉంటే టూర్‌కి డబ్బు పెట్టకండి, పొద్దున్నే బయల్దేరి మీకు నచ్చినంతసేపు కూర్చుని రండి. అమ్మానాన్నలతో అయితే బస్ స్టాపుల్లో గాలికి నిలబడటం, బస్సు మారడం, పై ఊళ్ళకి ఆఖరి బస్సు ఎప్పుడని చూసుకోవడం, ఇదంతా ఎందుకు, కోచ్ ఎక్కించేయండి.

వీసా, డబ్బు సంగతి?

యూకే వీసా ఉంటే చాలు, ఇంగ్లండ్ నుంచి స్కాట్లాండ్‌కి రావడానికి మళ్ళీ ఏ కాగితమూ అక్కర్లేదు. కార్డు దాదాపు అన్ని చోట్లా నడుస్తుంది. ఇక్కడి బ్యాంకులు వేరే బొమ్మలతో తమ సొంత పౌండ్ నోట్లు అచ్చేస్తాయి, విలువ అదే, కానీ ఇండియాలో మార్చుకోవడం కష్టం, మిగిలితే ఇక్కడే ఖర్చు పెట్టేయండి.

చెప్పిన టైముకి రాలేకపోతే బస్సు ఆగుతుందా?

ఐదు పది నిమిషాలు చూస్తారు, ఆపైన ఆగదు. డ్రైవర్ల పని గంటలకి ఇక్కడ గట్టి నిబంధనలున్నాయి, పెద్ద కోచ్ డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాల్సిందే, రోజు మొత్తానికీ హద్దు ఉంది, ఒక చోట ఆలస్యమైతే ఆ కోత చివరి ఊరి మీద పడుతుంది. దిగేటప్పుడే బస్సు ఆగిన చోటు ఫొటో తీసి, డ్రైవర్ నంబర్ ఫోన్‌లో పెట్టుకుని, పెద్దవాళ్ళ దగ్గర కూడా ఒక చీటీ మీద రాసి ఉంచండి. తప్పిపోతే అదే ఊరి మెయిన్ రోడ్డు మీద మామూలు బస్సెక్కి సెయింట్ ఆండ్రూస్ చేరవచ్చు, చాలా టూర్‌లు అక్కడ ఎక్కువసేపు ఆగుతాయి కాబట్టి, ఇంకా అక్కడికి వెళ్ళని టూర్ అయితే మీవాళ్ళని అక్కడ అందుకోవచ్చు.